పడుకుంటే గుంజే కాళ్లు

గోదావరిఖని బొగ్గుగనిలో రాత్రి 11 గంటలకు రెండో షిఫ్ట్ దిగిన మనిషి స్నానం చేసి, అన్నం తిని, నడుం వాల్చేసరికి పన్నెండున్నర అవుతుంది. ఒళ్లంతా అలిసి ఉంటుంది, కళ్లు మూతలు పడుతుంటాయి. కానీ వీపు పరుపుకు ఆనిన పది నిమిషాలకే పిక్కల్లో ఏదో మొదలవుతుంది. లోపల సన్నగా ఏదో పారుతున్నట్టు, నరాన్ని ఎవరో పట్టి లాగుతున్నట్టు ఉంటుంది. "కాళ్లు గుంజుతున్నయి" అంటారు ఇక్కడ. కోస్తాలో కాళ్ల తీపులంటారు. కాలు కదపకుండా ఉండడం సాధ్యం కాదు. లేచి క్వార్టర్‌లో ఆ గోడ నుంచి ఈ గోడకు నాలుగుసార్లు తిరిగితే తగ్గుతుంది, పడుకుంటే మళ్లీ వస్తుంది. కొందరు తువ్వాలును పిక్కలకు బిగించి కట్టుకుంటారు, కొందరు పిల్లల్ని పిలిచి కాళ్లు తొక్కించుకుంటారు. తెల్లవారుజాముకు గుంజుడు దానంతటదే సద్దుమణిగి నిద్ర ముంచుకొస్తుంది, అప్పటికి ఇంట్లో అందరూ లేచే వేళవుతుంది. వైద్యులు దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. దీనికి మంచి చికిత్సలున్నాయి. అయితే వాటిని ఏ వరసలో మొదలుపెడతామన్నదాని మీద రోగి భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ వరస గురించే. ముందు ఒంట్లో ఇనుము లెక్క చూడాలి, తర్వాత ఇప్పటికే మింగుతున్న మందుల్ని చూడాలి, కొత్త బిళ్ల సంగతి ఆ తర్వాతే.

ఈ జబ్బు కొత్తది కాదు. 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు పడకెక్కగానే కాళ్లూ చేతులూ నిలవనివ్వని బాధ గురించి రాశాడు. అప్పట్లో ఆయన దగ్గరున్న మందు నల్లమందే. 1945లో స్వీడన్ నరాల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ దీనిపై ఒక పుస్తకమే రాసి, ఇప్పుడు మనం వాడుతున్న పేరు పెట్టాడు. దీన్ని పట్టుకోవడానికి స్కానింగులు అక్కర్లేదు. కాళ్లు కదపాలన్న ఆపుకోలేని తహతహ, కూర్చున్నా పడుకున్నా అది మొదలవడం లేదా పెరగడం, నడిస్తే నడిచినంతసేపూ తగ్గడం, పొద్దుగూకాక ఎక్కువవడం, ఈ లక్షణాలన్నీ ఉండి, వాటికి వేరే కారణం కనిపించకపోతే జబ్బు ఇదే. యూరప్ సంతతి వాళ్లలో ఇది నూటికి ఐదు నుంచి పదిమందిలో కనిపిస్తుంది. మన దేశంలో తక్కువ. బెంగళూరు నగర జనాభాలో చేసిన పరిశీలనలో నూటికి ఇద్దరికి కాస్త పైగా తేలారు. కుర్చీలో కూర్చుని ఊరికే కాలు ఊపే అలవాటుకూ దీనికీ సంబంధం లేదు. కాలు ఊపితే ఇంటికి అరిష్టమని పెద్దలు కసిరే ఆ అలవాటు వేరు, నిద్రను తినేసే ఈ బాధ వేరు.

ఇక్కడొక అభ్యంతరం వెంటనే వస్తుంది. బాయిలో, అంటే గనిలో, పని చేసే మనిషికి కాళ్లు గుంజకపోతే ఆశ్చర్యం గాని గుంజితే ఏముంది, ఎనిమిది గంటలు గమ్ బూట్లేసుకుని ఎగుడుదిగుళ్లలో తిరిగితే ఎవరికైనా అంతే కదా అంటారు. మాటలో నిజం ఉంది. బొగ్గుగనుల్లో కాళ్ల బాధలు చాలా రకాలు. 1923లో నెవిల్ మాస్ అనే ఆయన బ్రిటన్ బొగ్గుగనుల కార్మికులను పరిశీలించి ఒక సంగతి తేల్చాడు. వేడి గనిలో చెమట ధారలుగా కారిపోయిన మనిషి ఉప్పు లేని నీళ్లే తాగుతుంటే కండరాలు కొంకర్లు పోతాయి. నీళ్లలో కాస్త ఉప్పు కలిపితే తగ్గుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో ఓపెన్ కాస్టు మీద పనిచేసేవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. కానీ కొంకర పోయినప్పుడు పిక్క రాయిలా గట్టిపడి ఉండ కడుతుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే అరికాళ్లు మండుతాయి, నడిచినా ఆ మంట పోదు. ఉబ్బిన నరాల బాధ నిలబడితే ఎక్కువవుతుంది, పడుకుని కాళ్లు ఎత్తిపెడితే తగ్గుతుంది. అలసట విశ్రాంతితో పోతుంది. మనం చెప్పుకునే జబ్బు మాత్రం సరిగ్గా విశ్రాంతి తీసుకోబోయినప్పుడే వస్తుంది. అలిసిన కాళ్లూ గుంజే కాళ్లూ ఒకే మనిషికి ఉండొచ్చు. రెండింటికీ కలిపి ఒక నొప్పి బిళ్ల, ఒక బీ కాంప్లెక్స్ ఇచ్చి పంపితే మొదటిది తగ్గొచ్చు గాని రెండోది కదలదు.

మరి ఇనుమే ఎందుకు ముందు? ఎక్‌బోమ్ తన రోగుల్లో కొందరికి రక్తహీనత ఉందని గమనించాడు. 1953లో అదే స్వీడన్‌లో నార్డ్‌లాండర్ అనే వైద్యుడు ఇనుమును నరానికి ఎక్కించి చూస్తే చాలామందికి కాళ్లు కుదుటపడ్డాయి. ఆ సంగతి తర్వాత దాదాపు మరుగున పడింది. 2000లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఈ రోగుల వెన్నుద్రవాన్ని పరీక్షించారు. రక్తంలో ఇనుము నిల్వ మామూలుగానే ఉన్నవారిలో కూడా మెదడును అంటిపెట్టుకున్న ఆ ద్రవంలో ఇనుము తక్కువగా తేలింది. ఆ మరుసటి ఏడాది స్కానింగుల్లోనూ మెదడులోని ఒక ముఖ్య కేంద్రంలో ఇనుము తక్కువగా కనిపించింది. కదలికను అదుపు చేసే డోపమైన్ అనే రసాయనం తయారవ్వాలంటే మెదడుకు ఇనుము కావాలి. అంటే ఒంట్లో సరిపోయినంత ఉన్నా, మెదడుకు చేరేది చాలకపోవచ్చు. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందని 2007లో దొరికిన జన్యువులు రుజువు చేశాయి. ఆ వారసత్వం ఉన్నవాళ్లు ఇనుము కాస్త తగ్గినా తట్టుకోలేకపోవచ్చు. వారసత్వాన్ని మార్చలేం. ఇనుమును మార్చగలం. ఇన్ని కారణాల్లో ముందుగా మన చేతికందేది అదే.

అయితే రక్తపరీక్ష చేయించుకున్నవాళ్లు కూడా మోసపోయే చోటు ఒకటుంది. హిమోగ్లోబిన్ 13 ఉంది, రక్తం బాగానే ఉందిగా అంటారు. రామగుండం శ్రోతలకు దీన్ని బొగ్గు భాషలోనే చెప్పవచ్చు. గనుల నుంచి ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి రైలు వ్యాగన్లలో బొగ్గు రోజూ నిండుగా పోతూనే ఉంటుంది. అవి నిండుగా పోతున్నాయి కదా అని స్టాకు యార్డులో నిల్వ ఉన్నట్టు కాదు. హిమోగ్లోబిన్ నడుస్తున్న వ్యాగన్. ఫెరిటిన్ యార్డులోని నిల్వ. ఒళ్లు ముందు నిల్వను ఖర్చుపెడుతుంది, వ్యాగన్లు తగ్గేది చిట్టచివర. అందుకే అడగాల్సిన పరీక్ష ఫెరిటిన్. దాని పక్కన ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా. ఇక ఆ ల్యాబ్ కాగితాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. ఫెరిటిన్ 38 అని రాసి ఉంటుంది. దాని పక్క గళ్లో మామూలు హద్దులు ఉంటాయి. ఆడవాళ్లకైతే ఆ హద్దు పది, పదిహేను దగ్గర మొదలవుతుంది. 38 ఆ హద్దుల లోపలే ఉంది కాబట్టి పక్కన చుక్క గుర్తు ఉండదు, అక్షరాలు లావుగా ఉండవు. కాగితం చూసినవారు అంతా బాగుందని మడిచి ఇచ్చేస్తారు. కానీ కాళ్లు గుంజే మనిషికి హద్దు వేరు. ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువున్నా, శాచురేషన్ 20 శాతం లోపున్నా పెద్దవాళ్లకు ఇనుము ఇవ్వాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2025 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 75కూ 100కూ మధ్య ఉంటే బిళ్లలతో పెద్దగా లాభం ఉండదు, ఇవ్వాలంటే నరానికి ఎక్కించడమే దారి. రక్తం ఉదయం పూట ఇవ్వాలి, అంతకుముందు ఒక రోజంతా ఇనుము బిళ్ల వేసుకోకూడదు. జ్వరం, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా పెరిగి కనిపిస్తుంది కాబట్టి శాచురేషన్‌ను కూడా కలిపి చదవాలి.

గని కార్మికులకూ ఇనుము లేమికీ ఉన్న బంధం పాతది. 1880లో ఆల్ప్స్ కొండల్లో సెయింట్ గొథార్డ్ సొరంగం తవ్వుతున్న కూలీలు పాలిపోయి కూలిపోతుంటే, కారణం కొంకిపురుగులని ఇటలీ శాస్త్రవేత్త పెరోంచిటో పట్టుకున్నాడు. 1902 ప్రాంతంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల్లోనూ అదే కథ. మరుగుదొడ్డి లేని, తడిగా వెచ్చగా ఉండే నేల కింద ఆ పురుగు పేగులో చేరి రోజూ రక్తం పీలుస్తుంది. ఇవాళ్టి పరిస్థితి వేరు, కానీ పొలంలో చెప్పుల్లేకుండా తిరిగే ఇంటివాళ్లు మన చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నారు. అసలు ఈ జబ్బు గని దిగే మగవాళ్లకంటే ఇంటి దగ్గరున్న ఆడవాళ్లలోనే ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. వ్యాగన్లే ఖాళీగా పోతున్నవాళ్లు ఇంతమంది ఉంటే, నిల్వ మాత్రమే తగ్గినవాళ్లు ఇంకెంతమందో ఊహించుకోవచ్చు. నెలసరి ఎక్కువగా అయ్యేవారు, గర్భిణులు, మూలశంకతో రక్తం పోయేవారు, ఏళ్ల తరబడి నొప్పి బిళ్లలు మింగి కడుపులో పుండు పడ్డవారు, ఏడాదికి మూడుసార్లు రక్తదానం చేసే మంచి మనుషులు, వీళ్లందరికీ నిల్వ తగ్గుతుంది. మగమనిషికి గాని, నెలసరి ఆగిపోయిన పెద్దామెకు గాని ఇనుము తక్కువని తేలితే బిళ్లలు ఇచ్చి ఊరుకోకూడదు. రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి.

ఇనుము బిళ్ల వేసుకుంటే మలబద్ధకం, నల్లటి విరేచనం, కడుపులో తిప్పుడు, అది మాకు పడదు అనేవాళ్లు చాలామంది. ఆ మాటను కొట్టిపారేయకూడదు, ఎందుకంటే బిళ్లలు సగంలో మానేసేది ఆ బాధ వల్లే. బిళ్లను రోజు విడిచి రోజు వేసుకుంటే పేగు దాన్ని మెరుగ్గా పీల్చుకుంటుందని ఈ మధ్య పరిశోధనల్లో తేలింది, బాధ కూడా తగ్గుతుంది. పరగడుపున, నిమ్మరసంతోనో ఉసిరికాయతోనో వేసుకుంటే మంచిది. టీతో మాత్రం వేసుకోకూడదు, బిళ్లకు గంట ముందూ గంట తర్వాతా టీ వద్దు. షిఫ్టుకు ముందొక టీ, షిఫ్టు దిగాక ఒక టీ అలవాటైన ఊళ్లో ఈ ఒక్క మాట పాటించకపోవడం వల్లే ఎన్ని బిళ్లలు వృథా అవుతున్నాయో. మూడు నెలలైనా వాడి, మళ్లీ ఫెరిటిన్ చూసుకోవాలి. బిళ్లతో పెరగకపోతే, లేదా అసలు పడకపోతే, ఫెరిక్ కార్బాక్సీమాల్టోస్ అనే మందును ఆసుపత్రిలో సెలైన్‌తో పావుగంటలో ఎక్కిస్తారు. ఆ తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టి కనిపెట్టాలి. 2025 మార్గదర్శకాలు గట్టిగా సిఫారసు చేసిన కొద్ది చికిత్సల్లో ఇదొకటి. కాళ్లు కుదుటపడటానికి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి. అలాగని ఎవరికి వారు మందుల షాపులో ఇనుము కొనుక్కుని మింగకూడదు. తలసీమియా లాంటి జబ్బులున్నవాళ్ల ఒంట్లో ఇనుము పేరుకుపోయి ఉంటుంది, వాళ్లకది విషం.

రెండో మెట్టు, ఇప్పటికే వేసుకుంటున్న మందులు. దీన్ని ఎవరూ అడగరు, అడిగితే సగం సమస్య అక్కడే దొరుకుతుంది. జలుబు బిళ్లల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ లాంటి మత్తు మందులు, వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్, దిగులు తగ్గించే మందుల్లో చాలావరకు, మానసిక వ్యాధులకిచ్చే కొన్ని బిళ్లలు కాళ్ల గుంజుడును పెంచుతాయి. కాళ్ల తిమ్మిర్లకని, నిద్రకని మన దగ్గర ధారాళంగా రాసే అమిట్రిప్టిలిన్ కూడా ఈ జాబితాలో ఉంది. అంటే నిద్ర పట్టడం లేదని ఇచ్చిన బిళ్లే నిద్ర పట్టనివ్వకపోవచ్చు. దిగులు మందును రోగి తనంతట తాను ఆపేయకూడదు. కాళ్ల సంగతి ఆ మందు రాసిన డాక్టరుకే చెప్పి, మార్చగలరేమో అడగాలి. ఇక సాయంత్రం ఓ పెగ్గు వేస్తే ఒళ్లు నొప్పులు పోయి నిద్ర పడుతుందన్న నమ్మకం. మందు తాగితే కళ్లు మూసుకుపోతాయి గాని, నడిరాత్రి కాళ్లు మరింత గుంజి లేపుతాయి. ఆ మెలకువను పోగొట్టడానికి మరో పెగ్గు. ఈ దారిలో పోయినవాళ్ల ఇళ్లు ఎలా ఉంటాయో బొగ్గుగని కాలనీల్లో ఆడవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు వివాదం. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ అనే బిళ్లలున్నాయి. పార్కిన్సన్ జబ్బుకు వాడేవి. మెదడులో డోపమైన్ చేసే పనిని ఇవి చేస్తాయి. 2005లో రోపినిరోల్‌కు, 2006లో ప్రమిపెక్సోల్‌కు అమెరికా ప్రభుత్వం ఈ జబ్బుకు వాడొచ్చని అనుమతి ఇచ్చింది, ప్రపంచమంతా అవే మొదటి మందులయ్యాయి. వేసుకున్న మొదటి రాత్రే గాఢంగా నిద్రపోయినవాళ్లున్నారు. ఇంత బాగా పనిచేసే బిళ్ల ఉండగా ఇనుము, పరీక్షలు, మూడు నెలలు అంటారేమిటి అని ఎవరైనా అడగొచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆ రోగుల మూడేళ్ల తర్వాతి రాత్రుల్లో ఉంది. జాన్స్ హాప్కిన్స్‌లోనే ఆలెన్, ఎర్లీ అనే ఇద్దరు 1996లో ఒక వింతను నమోదు చేశారు. ఇదే కోవకు చెందిన లెవోడోపా వాడుతున్న తమ రోగుల్లో నూటికి 80 మందికి పైగా, రాత్రి పదికి మొదలయ్యే గుంజుడు సాయంత్రం ఆరుకే మొదలైంది, తర్వాత మధ్యాహ్నానికి జరిగింది, కాళ్ల నుంచి చేతులకు పాకింది. మోతాదు పెంచితే కొన్నాళ్లు తగ్గి మళ్లీ పెరిగింది. అంటే మందే జబ్బును మేపుతోంది. ప్రమిపెక్సోల్ వంటి వాటితో ఇది నెమ్మదిగా వస్తుంది, కానీ వస్తుంది. 2014లో వెలువడిన ఏడాది పొడుగు పరిశోధనలో 719 మంది పాల్గొన్నారు. ప్రీగాబలిన్ వాడినవారిలో ఇలా ముదిరింది 2.1 శాతం మందికైతే, ప్రమిపెక్సోల్ అరమిల్లీగ్రాము వాడినవారిలో 7.7 శాతం మందికి ముదిరింది. అది ఒక్క ఏడాది లెక్క. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతూ పోతుంది. ఇంకొకటి కూడా ఉంది: ఈ బిళ్లలు కొందరిలో ఆపుకోలేని కోరికల్ని రేపుతాయి. ఎన్నడూ పేక ముట్టనివాడు జూదానికి జీతం పోగొట్టుకుంటాడు, ఇంట్లోవాళ్లు వాడి బుద్ధి చెడిందనుకుంటారు గాని రాత్రి బిళ్లను అనుమానించరు. ఈ కారణాలతోనే 2025 మార్గదర్శకాలు ఈ మందుల్ని మామూలుగా మొదలుపెట్టవద్దన్నాయి. ఇరవై ఏళ్ల అనుభవం నేర్పిన పాఠం ఇది. మొదటి రాత్రి హాయిని చూసి మందును కొలవడం తప్పని నా గట్టి అభిప్రాయం.

ఇనుము సరిచేసి, చెడు మందులు మాన్పించాక కూడా బాధ మిగిలితే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ మొదటి మందులు. ఇవి జబ్బును అంతగా ముదరబెట్టవు. కానీ బొగ్గు ప్రాంతంలో వీటిని రాసేముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి? ఏళ్లకేళ్లు బొగ్గుదుమ్ము పీల్చినవాళ్లు, ఆ పైన బీడీ సిగరెట్లు కాల్చినవాళ్లు జాగ్రత్తపడాలి; ఊపిరితిత్తుల జబ్బున్నవారిలో ఈ మందులు శ్వాసను మందగింపజేయవచ్చని 2019 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మద్యంతో, ఇతర మత్తు బిళ్లలతో కలిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. రెండో ప్రశ్న, పనేమిటి? ఓపెన్ కాస్టులో డంపర్ నడిపే ఆపరేటరు ఈ బిళ్ల మొదలుపెట్టిన తొలి రోజుల్లో తూలవచ్చు, కునుకు తీయవచ్చు. తక్కువ మోతాదుతో, సెలవు రోజుల్లో మొదలుపెట్టి, ఒంటికి అలవాటైందని తేలాకే స్టీరింగు పట్టాలి. అలాంటప్పుడు మందే వద్దనవచ్చు కదా అంటే, మూడు వారాలుగా రాత్రికి మూడు గంటలు నిద్రపోతున్న ఆపరేటరు చేతిలోని డంపరు మాత్రం క్షేమమా? మూత్రపిండాలు చెడినవారికి మోతాదు తగ్గించాలి. డయాలసిస్ రోగులకు కాళ్లు గుంజడం మామూలు విషయం, వాళ్లకు నరం ద్వారా ఇచ్చే ఇనుము కూడా పనికొస్తుంది. గర్భిణులకు ఈ మందులు కాకుండా ముందు ఇనుమే చూడాలి. ప్రసవమయ్యాక చాలామందికి కొద్ది వారాల్లో దానంతటదే పోతుంది. పడుకునే ముందు పిక్కలు సాగదీయడం, గోరువెచ్చని నీళ్లు పోసుకోవడం, పిసికించుకోవడం ఉపశమనమిస్తాయి, వాటిని ఎవరూ మానక్కర్లేదు.

షిఫ్టుల సంగతి కూడా చెప్పాలి. ఈ జబ్బుకు ఒంటిలోని గడియారంతో ముడి ఉంది. సాయంత్రం నుంచి నడిరాత్రి దాటేవరకు దాని జోరు. రెండో షిఫ్టు దిగి పన్నెండున్నరకు పడుకునేవాడు సరిగ్గా ఆ జోరులోనే పక్క ఎక్కుతున్నాడు. వారం వారం షిఫ్టు మారితే నిద్ర లోటు పేరుకుంటుంది, లోటు పేరుకుంటే గుంజుడు పెరుగుతుంది. చికిత్స కుదిరేవరకు కొన్నాళ్లు ఒకే షిఫ్టు ఇప్పించమని డాక్టరు రాసిస్తే అదీ వైద్యంలో భాగమే. అయితే కార్మికుడు నోరు విప్పడానికి భయపడతాడు. కాళ్ల జబ్బని చెబితే అన్‌ఫిట్ రాస్తారేమో, పని పోతుందేమో. కాళ్లు గుంజడం మనిషిని పనికి రాకుండా చేసే జబ్బు కాదు, నడిచేటప్పుడు అది తగ్గుతుంది. గనుల నిబంధనల కింద కార్మికులకు వైద్య పరీక్షలు ఎలాగూ జరుగుతున్నాయి. ఆ రోజు తీసే రక్తంలోనే, రాత్రి కాళ్లు నిలవవని చెప్పినవారికి ఫెరిటిన్ కూడా చూడమని సింగరేణి ఆసుపత్రుల వైద్యులను, కార్మిక సంఘాలను నేను చేతులు జోడించి కోరుతున్నాను.

చివరిగా ఒక హెచ్చరిక. ఇప్పటికే ప్రమిపెక్సోల్ గాని రోపినిరోల్ గాని వాడుతున్నవారు ఈ ప్రసంగం విని ఇవాళ రాత్రే బిళ్ల ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే నాలుగైదు రాత్రులు కన్ను మూయనివ్వనంతగా గుంజుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లి, గుంజుడు ఇప్పుడు ఎన్ని గంటలకు మొదలవుతోందో, బిళ్ల మొదలుపెట్టిన కొత్తలో ఎన్ని గంటలకు మొదలయ్యేదో చెప్పండి. ఫెరిటిన్ పరీక్ష రాయమని అడగండి. మోతాదును ఆయన కొద్దికొద్దిగా తగ్గిస్తారు.